తక్కువపడిన స్క్రూ

జహీరాబాద్ చెరుకు సంఘం ఆఫీసుకు కొత్త వైర్‌లెస్ సెట్టు వచ్చింది. పాత సెట్టు తాళం ఊడదీసి దీనికి బిగిస్తే, పాత తాళంచెవే పనికొస్తుందని, తాళాలు బాగుచేసే నన్ను సెక్రటరీ పిలిపించాడు. చెవి తిప్పితేనే సెట్టు పనిచేస్తుంది.

తాళాన్ని బయటికి లాగగానే దాని వెనక సందులో వదులుగా దొర్లుతున్న చిన్న ఇత్తడి స్క్రూ నా అరచేతిలో పడింది.

మూడేళ్ళ కింద ఆ తాళం బిగించింది నేనే. ఆ రోజు ఒక స్క్రూ జారి ఎక్కడో పడిపోయింది. వెతుకుతూ కూర్చుంటే బస్సు పోతుందని, నా డబ్బాలోంచి ఇంకొకటి తీసి బిగించి వెళ్ళిపోయాను.

ఆ నెలలోనే కోహీర్ దగ్గర చెరుకు తోట అంటుకుంది. నీళ్ళ ట్యాంకరును పిలవబోతే తాళం తిరగలేదని ఆపరేటర్ మాణిక్ మొత్తుకున్నాడు. మర్నాడు సెక్రటరీ తిప్పితే సాఫీగా తిరిగింది. ఆ మంటల్లో కోతకూలీ ఒకామె చనిపోయింది. నిద్రపోయి అబద్ధమాడుతున్నాడని మాణిక్‌ను గేటు కాపలాకు వేశారు.

ఆ మాణిక్కే ఇప్పుడు నాకు చాయ్ తెచ్చాడు.

"జర మంచిగ చూసి పెట్టు, పీటరన్నా. అందరు నేను పండుకున్ననన్నరు. నేను పండుకోలే. గాభరాల చెవి ఉల్టా తిప్పిన్నేమో. ఆమె పానం నా చేతిలనే పోయిందని మూడేండ్ల సంది గదే ఫికర్."

"మాణిక్..." అన్నాను. స్క్రూ పట్టుకున్న నా పిడికిలి తెరుచుకుంది.

"ఏందన్నా, చెత్తనా? ఇటియ్యి, పారేస్త."

ఇచ్చాను.

వాడు చూడకుండానే దాన్ని కిటికీలోంచి విసిరేశాడు.

"తాగన్నా, చాయ్ సల్లగైతది."