మా వంశం మడమలు

"మామ్మగారూ, మీరూ సాక్సులు తీయండి," అన్నాడు డాక్టరు. మనవరాలు మిజుహో రక్తంలో కొలెస్ట్రాల్ మరీ ఎక్కువుందని ఇంటిల్లిపాదినీ పిలిపించాడాయన.

"నాకెందుకు బాబూ? ఇదంతా ఈవిడ వంట నిర్వాకం," అంది తోకియె, కోడలు సనాయెను చూపిస్తూ. "అవీ ఇవీ పిండిలో ముంచి టెంపురా, టెంపురా అని నా కొడుకుని నూనెలో ఈదించి చంపింది. ఇప్పుడు పిల్ల వంతు."

సనాయె తల దించుకుంది.

డాక్టరు పిల్ల పిక్క నుంచి మడమకి దిగే స్నాయువు పట్టి చూశాడు. బాగా లావుగా ఉంది. సనాయెది సన్నగానే ఉంది. తోకియె మడమ దగ్గర ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"మీ అబ్బాయికీ ఇలాగే ఉండేదా?"

"ఉండేది. మా వంశం మడమలని మురిసిపోయేదాన్ని."

"ఆ స్నాయువులో పేరుకున్నది కొలెస్ట్రాలండీ. ఇది వంటతో వచ్చింది కాదు, మీ రక్తంలోనే వస్తోంది. పాపకి మందులున్నాయి, భయం లేదు."

ఇంటికొచ్చాక తోకియె కొడుకు ఫొటో ముందు కూర్చుంది. వాడు పోయినప్పటినుంచీ అక్కడ టెంపురా పెట్టనివ్వలేదు ఆమె.

"సనాయె, రొయ్యల టెంపురా వేయించమ్మా. వాడికి పెడదాం."

సనాయె వేడివేడిగా వేయించి, పళ్లెం అత్తగారికి అందించబోయింది.

"నువ్వే పెట్టు," అంది తోకియె. "నా చేత్తో పెడితే తినడేమో."