నీడ పడుతోంది, జరుగు

"జరుగు. నీ నీడ పువ్వు మీద పడుతోంది."

సూర్యాపేట పార్కులో గులాబీ మడి పక్కన బోర్లా పడుకున్న నరేందర్, కెమెరా నుంచి కన్ను తీయకుండానే అన్నాడు. ఆయన భార్య వసంత ఒక అడుగు వెనక్కి వేసింది.

నరేందర్ కోదాడ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాడు. పిల్లల చేత కప్పలు కోయించిన చేతిలోకి కెమెరా వచ్చింది. అప్పటినుంచి చుట్టుపక్కల ఎక్కడ గులాబీ పూసినా, ఎక్కడ పాత రాయి కనిపించినా ఆయన అక్కడ వాలిపోతాడు. వాట్సాప్ గ్రూపులో రోజూ తెల్లారేసరికి ఒక గులాబీ, దాని రేకు మీద తన పేరు. మెచ్చుకుంటూ బొమ్మలు పెట్టనివాళ్లకు ఫోన్ చేసి, చూశారా లేదా అని అడుగుతాడు.

కారులో ముందు సీటు కెమెరాది. దానికి బెల్టు కూడా పెడతాడు. వెనక సీట్లో సగం ట్రైపాడ్, మిగిలిన సగం వసంత. బ్రేకు వేసినప్పుడు కెమెరా కదులుతుందేమోనని లోపలి అద్దాన్ని కూడా దానివైపే తిప్పి పెట్టుకున్నాడు.

"మా శాంత ఇల్లు గీడనే గదా," అంది వసంత. శాంతకుమారి ఆమె చెల్లెలు. "మోకాలి ఆపరేషనై నెల దాటింది. ఒక్కసారి చూసొద్దామా?"

"మోకాలు ఎటూ పోదు. ఈ వెలుగు పోతది."

"పోనీ మీరు తీసుకోండి. నేనొక్కదాన్నే ఆటోల పోయొస్త."

"లెన్సులు ఎవరు అందిస్తరు? గొడుగు ఎవరు పడతరు?"

కాసేపటికి మళ్లీ నీడ పడింది.

"జరుగమన్న గదా."

"ఎంత దూరం జరగాలె?"

"నేను చాలు అనేదాకా."

ఆ తర్వాత నీడ పడలేదు. చాలు అనడం ఆయనకు గుర్తు రాలేదు. నిశ్చింతగా పువ్వు మీద నీళ్లు చిలకరించి, మంచు కురిసిందని నమ్మించే ఫోటోలు తీసుకున్నాడు. నడకకు వచ్చిన ఓ పెద్దాయన దారి కోసం ఆగితే, ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి చూపించాడు. పనయ్యాక లేచి, చొక్కాకంటిన మట్టి దులుపుకుని, కెమెరా తెరలో పువ్వును చూసుకుంటూ కారు దగ్గరికి నడిచాడు. వెనకాలే చెప్పుల చప్పుడు. వెనక తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

"అచ్చం మంచు పడ్డట్టే లేదూ?" అన్నాడు బండి తీస్తూ.

"ఊఁ," అని వినిపించింది.

ఇంకో రోజయితే "అవి నల్లా నీళ్లే గదా" అనే మాట వచ్చేది. ఇవాళ రాలేదు. మంచి శకునం, అనుకున్నాడు నరేందర్.

పిల్లలమర్రి గుడిలో నల్లరాతి స్తంభాల మధ్య ఎండ ఏటవాలుగా పడుతోంది. పూజారిని రెండుసార్లు పక్కకు జరిపించాడు. "గొడుగు" అన్నాడు. గొడుగు వచ్చి కెమెరాకు నీడ పట్టింది, ఆయన మాత్రం ఎండలోనే ఉన్నాడు. చెయ్యి వెనక్కి చాచి "పెద్ద లెన్సు" అన్నాడు. చిన్నది వచ్చింది.

"ఇన్నేండ్ల నుంచి చెప్తున్న. పెద్దదేదో చిన్నదేదో ఇంకా తెల్వకపాయె నీకు."

మారుమాట లేదు. పెద్దది చేతికొచ్చింది. ఆయనకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలో కాకతీయుల గురించి చాలాసేపు చెప్పాడు. గుడి ఎవరు కట్టించారు, ఎలా కట్టించారు, ఆ కాలంలోనే కెమెరా ఉండి ఉంటే తాను ఎక్కడ నిలబడి తీసేవాడు. చోటు చూసి మరీ ప్రతి మాటకూ ఒక "ఊఁ" పడింది. కాలేజీలో కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

మెట్ల మీద కూర్చోగానే పులిహోర డబ్బా అందింది. తెర మీద నుంచి చూపు తిప్పకుండా తిన్నాడు.

"ఉప్పు తక్కువైంది."

"ఊఁ."

తప్పు ఒప్పుకోవడం కూడా వచ్చేసింది. పెళ్లయిన ఇన్నేళ్లకు మనిషి మారదంటారు గానీ, ఓపిగ్గా నేర్పితే ఎందుకు మారదు?

మధ్యాహ్నం, ముందే అనుకున్నట్టు, మిర్యాలగూడ దారి పట్టారు. నేరేడుచర్ల వచ్చేదాకా ఫోటో కంపోజిషన్ గురించి చెప్పాడు. దాటాక తన గురించి చెప్పాడు. దారిలో పాత రాయి కనిపించినచోటల్లా ఆగారు.

మిర్యాలగూడ శివార్లకు వచ్చేసరికి సాగర్ కాలువ మీద పొద్దు వాలుతోంది. నీళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. నరేందర్ బండి ఆపి దిగాడు. వెనక తలుపు కూడా తెరుచుకుంది. ఆ వెలుగుకు ఆయన మనసు మెత్తబడింది. తన కాపురంలో ఇంత హాయిగా గడిచిన రోజు ఇంకోటి గుర్తు రాలేదు. ఎదురు మాట లేదు, చెల్లెలి మోకాలి ఊసు మళ్లీ లేదు. ఇలాంటి భార్యకు ఏదో ఒకటి ఇవ్వాలి. తన దగ్గరున్న వాటిలోకెల్లా గొప్పది ఇద్దామనుకున్నాడు.

"ఇంతవరకు నా ఫ్రేముల మనిషిని పడనియ్యలే," అన్నాడు, కాలువ వైపే చూస్తూ, వెలుగు సరిచూసుకుంటూ. "ఇయ్యాల నీ ఫోటో ఒకటి తీస్త. ముందుకొచ్చి ఆ గట్టు మీద నిలబడు."

వెనక లెన్సుల సంచి నేల మీద పెట్టిన చప్పుడయింది.

"నా ఫోటో ఎందుకు సార్, మా ఊరొచ్చింది, నేనిగ పోత; పొద్దుగాల పార్కు గేటు కాడ బండి దొరకక పరేషానయితుంటె మీ మేడమే 'మిర్యాలగూడ దాకా మా కారుల పో, ఎనక కూసొని ఊఁ అంటె సాలు, సార్ తిరిగి సూడడు' అని ఈ సంచి నా చేతుల పెట్టి, చెల్లె ఇంటికి ఆటో ఎక్కింది."