రింగుల డైరీ చప్పుడు

గోదారి రెండో అంతస్తు ఎక్కిన ఏడాది, సూరాయమ్మ చెవిలోని గింజంత యంత్రం తడిసి మూగబోయింది. టక్కుమని మోగి, లేవమనీ తినమనీ అందరికీ ఆ గింజే చెప్పే కాలమది. అది చెప్పనిదే ఆమె ముద్ద మింగదు. ముసలివాళ్లకు కొత్తది ఇవ్వరు. మొగుడు గంగులు ఎంత బతిమాలినా ఆమె చెవిన పెట్టలేదు.

చివరికి అతను ఏళ్లుగా ఏరి దాచుకున్న రింగుల డైరీల్లోంచి ఒకటి తీసి, “అన్నం తిను” అని రాసిచ్చాడు. ఆమె దాన్ని చెవికి ఆనించుకుంది.

“ఇదీ మూగదేనేంటయ్యా?”

“చదవాలే, పిచ్చిమొహమా!”

“చదవడమంటే?”

గంగులు డైరీ లాక్కుని, తెరుచుకున్న ఇనుప రింగులు విసురుగా మూశాడు. టక్కుమంది. సూరాయమ్మ తలెత్తింది.

“సూరీ, తినవే!” అన్నాడు ఆత్రంగా. మొగుడి గొంతని తెలియగానే ఆమె ముఖం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే అతను ఆమె చెవి దగ్గర రింగులు టక్కున మూసి, ఎవరో పరాయివాడిలా, “తినండి,” అన్నాడు. ఆమె నోరు తెరిచింది.