అంబాసిడరా, ఫియటా?

"మా అమ్మాయి మా అంబాసిడర్లోనే అత్తారింట్లో దిగుతుంది బావగారూ," అన్నాడు వెంకటసుబ్బారావు, నల్లటి బానెట్ మీద చెయ్యి వేసి.

"మా కోడలు మా ఫియట్లో కదండీ దిగాలి," అన్నాడు విజయవాడ వియ్యంకుడు బసవయ్య.

పామర్రులో పెళ్ళి చక్కగా జరిగింది, అప్పగింతలూ అయ్యాయి. బంతిపూల దండలు వేసుకున్న రెండు కార్ల మధ్య అందరూ నిలబడిపోయారు. వెంకటసుబ్బారావు తన డిక్కీ తెరిచి ఎన్ని పెట్టెలు పడతాయో చూడమన్నాడు. బసవయ్య తన ఇంజను తిరుగుతోందో ఆగిందో చెవి పెట్టి చెప్పమన్నాడు. మాటల్లో నవ్వు తగ్గుతోంది. పెళ్ళికూతురు రాజ్యలక్ష్మి ఏ కారెక్కినా ఒక వియ్యంకుడు పదిమందిలో చిన్నబోతాడు. ముహూర్తం ప్రకారం పదకొండు గంటల లోపల ఆమె అత్తారింటి గడప దాటాలి.

ఆమె తండ్రి చెవిలో చెప్పింది. "మేం మన కార్లోనే వస్తాం నాన్నా. నువ్వు వాళ్ళ ఫియట్లో రా. పాపం, మామయ్యగారికీ సంతోషంగా ఉంటుంది."

వెంకటసుబ్బారావు ఉదారంగా ఫియటెక్కాడు. అప్పటికే కదిలిన అంబాసిడర్ ముందు సీట్లో బసవయ్య తల కనబడింది. ఓడినా పెద్దమనిషే అనుకున్నాడు.

బందరు కాలువ వెంట ఫియట్ చేపలా సాగింది. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ళ సందులోంచి డ్రైవరు ఆమోసు రెండు వేళ్ళతో స్టీరింగు తిప్పి లాగించేస్తుంటే ఆయనకి ముచ్చటేసింది. మా బండిని ఇలా తిప్పాలంటే భుజాలు పడిపోతాయని ఒప్పేసుకున్నాడు.

విజయవాడలో ఇంటి ముందు రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి ఆగాయి. బసవయ్య దిగి వచ్చి వియ్యంకుడి చేతులు పట్టుకున్నాడు.

"అది కారు కాదు బావగారూ, సోఫా. కంకిపాడు దాటకుండానే కునుకు పట్టేసింది."

"మీ ఫియట్ ముందు అదీ బలాదూరేనండీ."

ఆరతి పళ్ళెంతో వచ్చిన బసవయ్య భార్య పద్మావతమ్మ రెండు కార్లలోకీ తొంగి చూసింది. "పిల్లలేరీ?"

"మీ కార్లో," అన్నారు వియ్యంకులిద్దరూ ఒకరినొకరు చూపించుకుని. తాము ఫియట్లో వస్తామని, ఆయన్ని అంబాసిడర్లో వెళ్ళమని కొడుకు బసవయ్య చెవిలో చెప్పాడట. పదకొండుకి పది నిమిషాలుంది.

వీధి మలుపులోంచి రిక్షా వచ్చి ఆగింది. పెళ్ళిబట్టలతోనే దిగారు కొత్త దంపతులు.

"రెండు కార్లు పెట్టుకుని దేంట్లో వచ్చారమ్మా?" అన్నాడు బసవయ్య.

"బందరు బస్సులో మామయ్యగారూ," అంది రాజ్యలక్ష్మి, నవ్వు ఆపుకోలేక. "ఇద్దరికీ కలిపి ఒకటే సీటు దొరికింది."