ఊటతల్లి పేరు

తెల్లారేసరికి ఆకాశం కిందికి దిగి కొండ మీద కూర్చుంది. వాన మాత్రం పడలేదు. ఆ మసకలోనే బనోన ఖాళీ పందిదొడ్డి చూసి మొగుడి మీద విరుచుకుపడింది.

“ఆర్గోనను కోసేశావా?”

సక్రిల్లోస్ కత్తి కడుగుతూ తలెత్తలేదు. “విందుకి పంది కావాలన్నారు.”

“ఊళ్ళో ఇంకే పందీ దొరకలేదా? నా చేత్తో పెంచానయ్యా దాన్ని!”

“ఇవాళ్టి నుంచి దొర ఊళ్ళోనే మకాం. నువ్వేమో పొద్దుగూకితే దాన్ని పేరు పెట్టి ఊరదిరేలా పిలుస్తావు.”

“ఓహో! నా గొంతు కూడా రోము దొరకి బరువైందా?”

అతను కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

పంది ఒక్కటే అయితే ఆమె ఇంత మండిపడేది కాదు. ఊటతల్లి పేరును ఆడవాళ్ళు నీళ్ళు ముంచేటప్పుడు పెదవుల మధ్యే అనుకోవాలి. పరాయివాడి నోట పడితే ఊట ఇంకిపోతుంది. గాల్ దేశమంతా తిరిగి నేల కొలుస్తున్న ఆ దొర, ఏటి అవతలి గుడారానికి సక్రిల్లోస్‌ను పిలిపించి, “మీ ఊటదేవత పేరేమిటి? ఊరికి అదే పెడతాం” అన్నాడు. ఇతను చెప్పి వచ్చాడు. దొర దానికి తమ లాటిన్ తోక తగిలించి రాతిమీద చెక్కించాడు.

“మా అమ్మ పోతూ పోతూ నా చెవిలో చెప్పిన పేరది. నీకు చెప్పినందుకు నా నాలుక కోసుకోవాలి!”

“ఊరుకోవే. దొర వస్తున్నాడు.”

మధ్యాహ్నం ఊరి మొదట్లో రాయి నిలబెట్టారు. దొర దాని మీది పేరు చదవబోతుంటే బనోన రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. చేతులు తీసేసరికి జనమంతా నేలచూపులు చూస్తున్నారు. ఇప్పటికైనా సిగ్గేసింది వీళ్ళకి, అనుకుంది. పక్కింటి ముసలి లితుగేన దుప్పటి చెంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతున్నాయి.

“ఏడవకు పిన్నీ,” అంది బనోన పళ్ళు కొరుకుతూ. “ఏడవాల్సింది నా మొగుడు.”

విందులో దొరను నడుమ కూర్చోబెట్టారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. నమలడమే తప్ప మాటలేదు. సక్రిల్లోస్ కొవ్వు కారే ముక్క ఏరి దొర పళ్ళెంలో పెట్టాడు. బనోన రొట్టె తుంచి, మొగుణ్ణి నమిలినట్టు నమిలింది.

దొర ద్రాక్షసారా గిన్నె పైకెత్తాడు.

“ఆర్గోనాకుం పట్టణం వర్ధిల్లాలి!”