ఆరో నంబరు గదిలో చాప

మధ్యాహ్నం నాలుగైతే చాలు, ఆ వరసలో ఉన్న ముసలివాళ్ళెవరికీ కునుకు దక్కదు. ఆరో నంబరు గదిలో చాప మొదలెడుతుంది.

"మళ్ళీ అరుస్తోంది దిక్కుమాలింది!" అంటూ ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది.

వృద్ధుల హోమ్‌లో మంచం పక్కన నేల మీద పరిచే అలారం మ్యాట్ అది. అందరూ చాప అంటారు. పెద్దవాళ్ళు మంచం దిగి దాని మీద కాలు పెట్టగానే కుయ్యిమంటుంది, ఎవరో ఒకరు వచ్చి పడకుండా చెయ్యి పట్టుకోవాలి. ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే ఆ మంచం ఖాళీ అయి నలభై రోజులైంది.

వెనకే ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చింది, చంకలో ఫైలుతో. ఫైలు లేకుండా ఆవిడ తుమ్మగా కూడా ఎవరూ చూడలేదు.

"మెకానిక్ ఏమన్నాడు?"

"చాపకేం రోగం లేదన్నాడు మేడమ్. బరువు పడితేనే మోగుతుందట."

"ఎవరి బరువు?"

ఆయమ్మ మంచం వైపు చూసి గభాల్న చూపు తిప్పుకుంది. "నాకు భయంగా ఉంది మేడమ్. ఆ రోజూ ఇదే టైము. ఇక్కడ ఇది మోగుతోంది, అక్కడ మనం కేకు కోసి చప్పట్లు కొడుతున్నాం."

"గొంతు తగ్గించు!"

హాల్లో ఒక బోర్డుంది: 'ఎవరూ పడకుండా గడిచిన రోజులు'. ఆ రోజు అది మూడు వందలకి చేరింది. కేకు ముక్కలు పంచి, ఫొటోలు దిగి, తీరిగ్గా వచ్చేసరికి ఆరో నంబరు పెద్దావిడ బాత్రూమ్ గుమ్మంలో నేల మీద ఉంది. పట్టుకోవడానికి గోడకి బిగించిన కడ్డీ ఊడి ఆవిడ చేతిలోనే ఉంది. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. దుప్పటి మెడదాకా కప్పారు. కడ్డీని తెచ్చి పాత కంతల్లోనే గుచ్చారు. ఫైల్లో 'నిద్రలోనే ప్రశాంతంగా' అని రాశారు. డాక్టరు వయసు చూసి సంతకం పెట్టాడు. మర్నాడు బోర్డు మూడు వందల ఒకటి అయింది.

ఆ పెద్దావిడ ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్న మనిషి. ఒక్క అంకె తేడా ఉన్నా కవరు వెనక్కి పంపేది. చివరికి ఆవిడ చావే తప్పు అడ్రసుకి పోయింది.

"కనీసం ఆ కడ్డీ అయినా బిగించండి మేడమ్," అంది ఆయమ్మ.

"బిగించాలంటే ఎందుకు ఊడిందో రిపేరు ఫారంలో రాయాలి. ఏం రాయమంటావ్?"



కాసేపటికి తనిఖీ ఆఫీసరు వచ్చాడు. గదిలో అడుగు పెట్టగానే, రోజుకొక్కసారే మోగే చాప రెండోసారి మోగింది. సిస్టర్ మొహం పాలిపోయింది.

"మంచం ఖాళీగా ఉందే?"

"టెస్టింగ్ సార్! రోజూ చేస్తాం."

"భేష్!" టిక్ పెట్టాడు. బాత్రూమ్‌లోకి దూరం నుంచే తొంగి చూశాడు. "కడ్డీ ఉంది కదా?"

"ఉంది సార్."

ఇంకో టిక్. ఫారంలో ఉందా అనే అడిగారు, ఊగుతోందా అని అడగలేదు. పద్ధతి గల మనిషి, అడగనిది రాయడు.

ఆయన అటు వెళ్ళగానే పెద్దావిడ చెల్లెలు వచ్చింది, తను చేరబోయే గది చూసుకోవడానికి. డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళు ఒక పూట మాట వింటే ఒక పూట వినవు. కర్టెన్లు ఎన్నాళ్ళకి ఉతుకుతారని అడిగింది. ఫ్యాను చప్పుడు చేస్తుందా అని అడిగింది. టీవీ మంచం మీదకి కనపడుతుందో లేదో పడుకుని మరీ చూసుకుంది. కడ్డీ ఊసే ఎత్తలేదు. చేరినప్పుడు అక్కా ఎత్తలేదు. పట్టుకునే ఆసరా గురించి అడగడం వాళ్ళింట్లో అలవాటు లేదు.

"నాకీ మంచమే ఇవ్వమ్మా," అంది సిస్టర్‌తో. "మా అక్క నిద్రలోనే పోయిందటగా. నాకూ ఆ అదృష్టం చాలు."

ఆయమ్మ ఉండబట్టలేకపోయింది. "అమ్మగారూ, ఆ బాత్రూమ్..."

"తళతళా కడిగించాం ఆంటీ!" సిస్టర్ మాట లాక్కుంది.

చాప మోగింది. ఈసారి ఒక్కసారితో ఆగలేదు. ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ మోగింది.

"ఏంటమ్మా ఈ గోల?" చెల్లెలు చెవులు మూసుకుంది. "రోజూ ఇంతే అయితే నా నిద్ర ఏం కాను?"

సిస్టర్ వంగి, చాప పక్కనున్న డబ్బా తెరిచి బ్యాటరీలు పీకి జేబులో వేసుకుంది. "ఇక నోరెత్తదు ఆంటీ. కొత్తది తెప్పిస్తాం, వచ్చే నెలకి."

"హమ్మయ్య," అంది చెల్లెలు.

ముగ్గురూ వెళ్ళిపోయారు. ఆయమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. కడ్డీ వైపోసారి చూసి వెళ్ళింది.

రేపు పదింటికి చెల్లెలు సూట్‌కేసుతో దిగుతుంది. చిన్నప్పట్నుంచీ అదొక మొండిఘటం. ఒకరిని సాయం పిలవడం నామోషీ. ఒక్కర్తే లేస్తుంది, ఏది అందితే అది పట్టుకుంటుంది. ఆ గుమ్మంలో అందేది ఆ కడ్డీ ఒక్కటే.

మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళుంటారు. ఇలాంటి చిక్కులు మీకు కొత్త కాదు. పదిలోగా ఆ పిచ్చిదాని చెవిన ఈ సంగతి పడే దారేదైనా ఉంటే చెప్పండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఉన్న ఒక్క ఉపాయమూ సిస్టర్ జేబులో పడింది.

నేనెంత తొక్కినా చాప మోగడం లేదు.