కాస్త గట్టిపడనివ్వు

“ప్రెషరెంత?” అన్నాడు కుర్ర డాక్టరు.

“నూట అరవై, సార్.”

“పేషెంటు బీపీ కాదమ్మా, ఈ సిమెంటు గన్నుది!”

“దానిది సున్నా, సార్. మీరింకా నొక్కందే!” అంది సిస్టరు.

నొక్కడానికి చెయ్యి ఆడటం లేదు. విరిగిన వెన్నుపూసలోకి సూది గుండా సిమెంటు ఎక్కించాలి. ఒత్తిడి ఎక్కువైతే అది పగుల్లోంచి కారి, నరాల మీద గడ్డకడుతుంది. పేషెంటు కాళ్లు రెండూ పడిపోతాయి. కుర్ర డాక్టరుకు సొంతంగా ఇదే మొదటి కేసు.

పక్క గదిలో ఎక్స్‌రే తెర ముందు కూర్చున్న చీఫ్ డాక్టరు మైకులో గర్జించాడు.

“నొక్కవయ్యా! ఇంకా నాలుగు కేసులున్నాయి. వెన్ను అతనిది, వణుకు నీదా?”

మత్తు నడుముకే ఇచ్చారు గనుక పేషెంటు ఇదంతా వింటున్నాడు. బీపీ నూట ఎనభైకి ఎగబాకింది.

“ఆగు బాబూ,” అంది ఒక పెద్దాయన గొంతు, నింపాదిగా. “సిమెంటు వేలికి అంటుతోందా?”

“అంటుతోందండీ.”

“అయితే ఇంకా పల్చనే. ఇప్పుడు తోస్తే సందు దొరికిన చోటికల్లా పోతుంది. ఉండ చేసి చూస్తూ ఉండు.”

చీఫ్ మైకు కట్టేశాడు. తనకు చెప్పకుండా బయటి నిపుణుణ్ణి పిలిపించారన్నమాట! బంగారు పతకాలు మింగిన గొంతు మరి!

“ఇప్పుడు అంటడం లేదండీ.”

“తొయ్యి. మెల్లగా.”

రెండు గదుల్లోని తెరల మీదా సన్నటి నల్లగీత వెనక్కి పాకింది.

“కారుతోంది!” కుర్ర డాక్టరు గొంతు కీచుమంది.

“చెయ్యి తీసెయ్. కారింది గట్టిపడితే అదే అడ్డుకట్ట. వంద లెక్కపెట్టు.”

పెద్దాయన తెర వైపు తలైనా తిప్పలేదు. కుర్ర డాక్టరు లెక్కపెట్టాడు. చీఫ్ కూడా లెక్కపెట్టాడు, మధ్యలో రెండుసార్లు తప్పి.

మళ్లీ తోస్తే గీత ఉన్నచోటే ఉంది. పూస నిండింది.

“చాలు. ఇంకొక్క చుక్కైనా దురాశే.”

సిస్టరు పేషెంటు పాదాలు తట్టింది. పది వేళ్లూ కదిలాయి.

చీఫ్ చేతులు జోడించుకుని పరుగున వచ్చి, తలుపు దగ్గరే వంగిపోయాడు. “గురువుగారూ, తమరిది ఏ కాలేజీ?”

“కాలేజీలు కట్టడమే గానీ చదివింది లేదు బాబూ, ఇక నన్ను వెల్లకిలా తిప్పించండి,” అన్నాడు బల్ల మీద బోర్లా పడుకున్న తాపీమేస్త్రీ.